ఏమి కావాలని అడిగామా?

లండన్‌లో మా అమ్మాయి వాళ్లు ఉండేది ఈస్ట్ హామ్‌లో. అక్కడ డిస్ట్రిక్ట్ లైను రైలెక్కితే ఎక్కడా మారకుండా టెంపుల్ స్టేషన్‌లో దిగవచ్చు. పైకి వచ్చి, సెయింట్ క్లెమెంట్ డేన్స్ అనే పాత చర్చి పక్కగా రోడ్డు దాటి కొద్ది నిమిషాలు నడిస్తే హౌటన్ స్ట్రీట్ వస్తుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉన్నది ఆ సందులోనే. పేరుకు స్కూలే గానీ పెద్ద విశ్వవిద్యాలయం. 1895లో మొదలైంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లో ఒకసారి, 1920లో మరోసారి వచ్చి ఇక్కడ చదివారు. 1923లో డాక్టరేటు అందుకున్నారు. ఆయన శిల్పం అక్కడ ఉందని తెలిసి మొదటి రోజే వెతుక్కుంటూ వెళ్లి చూసి వచ్చాం. మా పల్లెలో ఆయన పటం లేని ఇల్లు తక్కువ మరి.

చదువులు జరిగే నెలల్లో అక్కడ సాయంత్రం ఆరున్నరకు బహిరంగ ఉపన్యాసాలు జరుగుతాయి. చాలావాటికి టికెట్ లేదు. ఎవరైనా రావచ్చు, ముందు వచ్చిన వారికి ముందు కుర్చీ. 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు మేమిద్దరం మనవడిని ఆడించడానికి లండన్‌లో ఉన్నప్పుడు పేదరికం, అభివృద్ధి, దానధర్మం అన్న మాటలు కనిపించిన ప్రతి ఉపన్యాసానికీ వెళ్లాం. మాలో ఒకరు ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవారు, మరొకరు ఆసుపత్రిలో నర్సుగా రిటైరైనవారు. ఆర్థికశాస్త్రం ఇద్దరికీ రాదు. అయినా వెళ్లడానికి ఒక కారణం ఉంది. బాపట్ల దగ్గర మా ఊరి సంఘంలో పేదల నిధి లెక్కలు పదకొండేళ్లుగా మా చేతిలోనే ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలి, ఏమివ్వాలి అన్నది చాలావరకు మేమే తేల్చేవాళ్లం. ఆ పని మేము బాగానే చేస్తున్నామని అప్పటివరకు మా నమ్మకం.

ఈస్ట్ హామ్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంగ్లీషు చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగు విశ్వాసులు కూడుకుంటారు. మేము వారం మధ్యలో విశ్వవిద్యాలయానికి వెళ్తున్నామని విని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. "దేవుడు లేడనేవాళ్ల దగ్గర దానం గురించి నేర్చుకునేది ఏముంటుంది బ్రదర్?" అన్నారు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

మొదటి రెండు ఉపన్యాసాలూ వాళ్ల యాస చెవికి పట్టడానికే సరిపోయాయి. మూడోసారి నుంచి కాస్త అందింది. ఆ సాయంత్రం మాట్లాడినావిడ పీటర్ సింగర్ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త గురించి చెప్పారు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది కాందిశీకులు మన దేశంలోకి వచ్చినప్పుడు, ఆ ఆకలిని చూసి ఆయన ఒక వ్యాసం రాశాడు. అది 1972లో అచ్చయింది. ఆయన వాదన చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. దారిలో ఒక లోతులేని మడుగు ఉంది. అందులో పసివాడు మునిగిపోతున్నాడు. బట్టలు పాడవుతాయని చూసుకోకుండా దిగి పైకి తీస్తాం కదా, మరి ఆ పసివాడు వేల మైళ్ల అవతల ఉంటే మన బాధ్యత ఎందుకు తగ్గాలి? సింగర్ దేవుణ్ణి నమ్మడు. మేమేమో వింటున్నంత సేపూ యెరికోకు దిగిపోయే దారిలో పడి ఉన్న మనిషిని, పక్కగా వెళ్లిపోయిన యాజకుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాం.

ఆ వాదన ప్రభావంతోనే ఆక్స్‌ఫర్డ్‌లో 2009లో టోబీ ఆర్డ్ అనే యువ తత్వవేత్త ఒక ప్రతిజ్ఞ ఉద్యమం మొదలుపెట్టాడు. చేరినవారు తమ సంపాదనలో కనీసం పదో వంతు జీవితాంతం ఇతరుల మేలుకు పనికొచ్చే సంస్థలకు ఇస్తామని మాట ఇవ్వాలి. తర్వాతి ఏళ్లలో వేలమంది మాట ఇచ్చారు. పదో వంతు! ఆ మాట వినగానే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దశమ భాగం మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మాట. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మా సంఘంలో దశమ భాగాల లెక్క రాసిన చేతులు మావే కనుక చెబుతున్నాం. అందులో ప్రహరీ గోడకు, మైకు సెట్టుకు, కన్వెన్షన్ పందిళ్లకు పోగా పేదల నిధికి చేరేది ఎప్పుడూ మిగిలినదే. గుడి లేని వాళ్లు మొత్తం పదో వంతూ ఇతరుల మేలుకే ఇస్తున్నారు. వాళ్లకు ప్రహరీ గోడ ఖర్చు లేదులే అని ట్యూబు రైల్లో నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు.

ఆ తర్వాత వారాల్లో విన్నది ఇంకో రకం. ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఇచ్చినది ఏమైంది అన్నది. మందు పనిచేస్తుందో లేదో చూడడానికి కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూస్తారు కదా, అదే పద్ధతిని పేదరికం మీద పెట్టి చూసిన పండితుల సంగతులు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్ అనే ముగ్గురికి ఈ పనికే 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఒకటి మన రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాది. 134 పల్లెల్లో చేసిన ఈ అధ్యయనం 2010లో అచ్చయింది. ఆ ఊళ్లలో మామూలుగా నూటికి ఆరుగురు పసిపిల్లలకే టీకాలు పూర్తయ్యేవి. నర్సు తప్పకుండా వచ్చేలా నెలనెలా శిబిరాలు పెడితే అది పద్దెనిమిదికి పెరిగింది. టీకా వేయించిన ప్రతిసారీ తల్లికి కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేలు ఇస్తామంటే ముప్పై తొమ్మిదికి చేరింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, పప్పు ఖర్చు కలిపినా ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు సగానికి తగ్గింది. జనం రాని రోజున కూడా నర్సు జీతం నర్సుకు ఇవ్వాల్సిందే కదా. మాలో నర్సుగా చేసినవారికి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. ఖాళీ శిబిరాల్లో కూర్చున్న మధ్యాహ్నాలు ఆమెకు ఎన్నో.

ఇంకోటి కెన్యాది. గర్భిణులకు దోమతెరలు ఊరికే ఇవ్వాలా, నామమాత్రపు ధర పెట్టాలా అన్నది ప్రశ్న. ఊరికే ఇస్తే విలువ తెలియదు, చేపలు పట్టడానికి వాడుకుంటారు, కొద్దిగానైనా కట్టించుకోవాలి అన్నది చాలామంది అభిప్రాయం. జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యూపా అనే ఇద్దరు పరిశోధకులు చూస్తే తేలింది వేరు. అరవై సెంట్ల వంటి చిన్న ధర పెట్టినా తీసుకునేవారి సంఖ్య ఘోరంగా పడిపోయింది. ఊరికే తీసుకున్నవాళ్లు మాత్రం డబ్బు పెట్టి కొన్నవాళ్లలాగే తెర కట్టుకుని పడుకున్నారు.

ఇది విన్నప్పుడు మా ఇద్దరికీ గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2022 క్రిస్మస్‌కు మా సంఘం తరఫున పన్నెండు మంది పేద స్త్రీలకు కుట్టు మిషన్లు ఇచ్చాం. హైదరాబాదులో, విదేశాల్లో ఉన్న మా ఊరివాళ్లు పంపిన డబ్బది. స్టేజీ, బ్యానరు, ముఖ్య అతిథి, ఫొటోలు అన్నీ అయ్యాయి. ఊరికే ఇస్తే విలువ ఉండదని ఒక్కొక్కరి దగ్గర అయిదు వందలు కట్టించుకున్నాం. ఆ నియమం పెట్టింది మేమే. పన్నెండు మందిలో ఒక చెల్లెమ్మ మూడు నెలలు తిరగకుండా మిషను అమ్మేసింది. ఆ సంగతి తెలిసి మాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దాతలకు ఏం జవాబు చెప్పాలి? స్త్రీల సమాజంలో మాలో ఒకరు పేరు చెప్పకుండానే మాట్లాడారు. దేవుని సొమ్మును అంగట్లో పెట్టినవాళ్లు ఇక్కడే కూర్చుని ఉన్నారని అన్నారు. పేరు చెప్పనక్కరలేదు, చిన్న పల్లె. ఎవరన్నారన్నది ఇక్కడ అనవసరం, ఇద్దరి మనసులో ఉన్న మాటా అదే. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆమె గుడికి రావడం మానేసింది. ఎందుకు అమ్మిందో కనుక్కోవాలన్న ఆలోచన మాకు రాలేదు.

నవంబరులో ఒక సాయంత్రం నగదు సాయం గురించి ఉపన్యాసం. పేదవాళ్ల చేతికి వస్తువులు కాక డబ్బే ఇస్తే ఏమవుతుంది? కెన్యా పల్లెల్లో ఇచ్చి చూశారు. తిండి మెరుగైంది, కొందరు మేకలూ ఆవులూ కొనుక్కున్నారు, కొందరు పూరికప్పు తీసి రేకులు వేసుకున్నారు. తాగుడుకు పోతుందన్న భయం మాటేమిటి? లోకంలో వేర్వేరు చోట్ల జరిగిన 19 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసిన ఇద్దరు పరిశోధకులు, సాయం డబ్బు వల్ల సారా, పొగాకు ఖర్చు పెరిగిందనడానికి ఆధారం లేదని తేల్చారు. అసలు చాలాచోట్ల ఆ ఖర్చు కొంచెం తగ్గింది కూడా.

ఆ హాల్లోనే మన హైదరాబాదు పేరు కూడా వినిపించింది. ఇంత దూరం వచ్చి మన బస్తీల సంగతి వింటామనుకోలేదు. 104 పేద బస్తీలు ఎంచి, వాటిలో సగం, అంటే 52 బస్తీల్లో చీటీ తీసినట్టుగా ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే కొందరి వ్యాపారాలు పెరిగాయి, కొందరు ఇంట్లోకి పెద్ద వస్తువులు కొనుక్కున్నారు. కానీ పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అప్పు దీపం అవుతుందని లోకమంతా చెప్పుకుంటున్న రోజులవి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో వారం వారం వసూళ్ల ఒత్తిడికి జరిగిన ఆత్మహత్యలు, ఆ అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు మనకు గుర్తే. మా పల్లెలో కూడా ఆ వసూలు బండి చప్పుడు వినబడితే తలుపులు వేసుకున్న ఇళ్లు ఉన్నాయి.

ప్రశ్నల సమయంలో వెనక వరుసలో ఒక కెన్యా విద్యార్థి లేచాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, చేతిలో కాగితం కూడా లేదు. మా ఊళ్లో ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది చీటీ తీశారు, తర్వాత వచ్చి ఎన్ని పూటలు తిన్నారని లెక్క రాసుకున్నారు, మీకు ఏం కావాలని ముందుగా ఎవరు అడిగారు అన్నాడు. హాలు కాసేపు నిశ్శబ్దమైంది. వేదిక మీద ఉన్నావిడ మంచి మనిషి, డొంకతిరుగుడు మాట చెప్పలేదు. నగదు ఇవ్వడంలో ఉన్న మేలు అదే, ఏం కావాలో వాళ్లే తేల్చుకుంటారు, అయినా మీ ప్రశ్న న్యాయమైనదే అని ఒప్పుకుంది. ఇలాంటి పరీక్షల మీద పెద్ద పండితుల్లోనే అభ్యంతరాలు ఉన్నాయి. 2015లో నోబెల్ పొందిన ఆంగస్ డీటన్, ఒక చోట సగటున ఫలించింది ఇంకో చోట ఫలిస్తుందని చెప్పలేమంటూ చాలాకాలంగా హెచ్చరిస్తూ వచ్చారు. దశాబ్దాల పాటు ఇదే విద్యాలయంలో పాఠం చెప్పిన పీటర్ బాయర్ అయితే, ప్రభుత్వాల నుంచి ప్రభుత్వాలకు వెళ్లే విదేశీ సాయమే పేదలకు మేలు చేయదని వాదించాడు. అందరూ ఒక్క మాట మీద ఉన్నారని ఎవరూ అనుకోవద్దు. మాకు మాత్రం ఆ రాత్రి మిగిలింది ఆ అబ్బాయి ప్రశ్నే.

రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చి బైబిలు తెరిచాం. యెరికో దగ్గర గుడ్డివాడు కేకలు వేస్తున్నాడు. అతనికి చూపు లేదని చుట్టూ ఉన్న గుంపు అంతటికీ కనబడుతూనే ఉంది. ప్రభువుకు తెలియదా? అయినా ఆయన ఆగి, నీకు నేనేమి చేయాలని కోరుతున్నావని అడిగాడు (లూకా 18:41). ఈ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. అన్నీ గుడ్డివాడి విశ్వాసం గురించే. ప్రభువు అడిగిన ఆ ప్రశ్న దగ్గర మేము ఎప్పుడూ ఆగలేదు. మంచి సమరయుడి కథలో కూడా అంతే. నూనె, ద్రాక్షారసం, రెండు దేనారములు మనకు గుర్తుంటాయి. తిరిగి వచ్చేటప్పుడు మిగతాది ఇస్తానని పూటకూళ్లవాడితో చెప్పాడు (లూకా 10:35). అంటే మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. మేము ఫొటో తీసి పంపాం గానీ ఆ పన్నెండు ఇళ్లకూ మళ్లీ వెళ్లింది లేదు. ఒక్క ఇంటి సంగతి తెలిసిందంటే, అదీ చాడీ రూపంలోనే.

ఆ తర్వాత రెండు వారాలకే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలింది. కౌలు రైతులు మునిగారు. వాళ్ల దగ్గర కోతలకు, నూర్పిళ్లకు వెళ్లే మా పల్లె కూలీలకు ఆ సీజను పనే లేకుండా పోయింది. ఆదివారం ఈస్ట్ హామ్ కూడికలో కానుక పట్టారు. 1,840 పౌండ్లు వచ్చాయి. మా ఊరు అక్కడే కనుక ఏం చేయాలో మీరే చెప్పండి అన్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. కానుక ఇచ్చినవారిలో భారత పాస్‌పోర్టు ఉన్నవారి డబ్బు పంపడానికి ఇబ్బంది లేదు గానీ, బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవారిది విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుందని మా అల్లుడు గుర్తుచేశాడు. అలాంటి ఇద్దరు తమ డబ్బును ఈ మొత్తంలో కలపకుండా అక్కడి ఒక సేవాసంస్థకే ఇచ్చారు. ఇలాంటి నియమాలు విసుగనిపించినా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మాటలు మొదలయ్యాయి. దుప్పట్లు అన్నారు ఒకరు. బియ్యం సంచుల మీద సంఘం పేరు వేయించి పంచుదామన్నారు ఇంకొకరు. డబ్బే ఇద్దామని మేము అంటే, తాగేస్తారని నాలుగు వైపుల నుంచి ఒకేసారి వచ్చింది. 19 అధ్యయనాల సంగతి చెప్పాం. మొదటి రోజు మమ్మల్ని అడిగిన పెద్దాయన, ప్రభువు పనికి ఈ లెక్కలెందుకన్నారు. అప్పుడు పౌలు సంగతి చదివి వినిపించాం. యెరూషలేము పరిశుద్ధుల కోసం సంఘాలు ఇచ్చిన కానుకను మోసుకెళ్లడంలో ఎవరూ తప్పుపట్టకుండా, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా సరిగా ఉండేలా ఆయన జాగ్రత్త పడ్డాడు (2 కొరింథీ 8:20, 21). లెక్క చూసుకోవడం అవిశ్వాసమైతే పౌలును కూడా ఆ పట్టీలో వేయాలి. పెద్దాయన నవ్వేశారు. మనసు మార్చుకున్నారని చెప్పలేం గానీ, అడ్డుపడలేదు.

మా పల్లె చరిత్ర కూడా గుర్తుచేశాం. మాది బాప్టిస్టు సంఘం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఊరికే గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ పల్లెలకు కూలి పని చూపించాడు. సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని, వచ్చేవాళ్లు స్వేచ్ఛగా రావాలని ఆయన పట్టుదల. కరువు తెరిపిచ్చాక 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మా సంఘాల్లో పిల్లలకు కూడా వచ్చు. ఆ ముందు జరిగిన కాలువ పని సంగతి మాత్రం పెద్దవాళ్లలో కూడా కొద్దిమందికే తెలుసు. ఇచ్చేవాడి చేతిలో ఉన్న అధికారం గురించి ఈ రోజు ఆ హాళ్లలో మాట్లాడుకునే చాలా సంగతులు ఆ మనిషికి కాలువ గట్టు మీదే తెలిసి ఉండాలి.

ఎవరెవరికి ఇవ్వాలో జాబితా ఎవరు రాయాలన్నది చివరి చిక్కు. ఎప్పుడూ రాసేది మేమూ, సంఘ పెద్దలూ. ఈసారి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూసుకున్నాం. రోజువారీ పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే వారు సణిగినప్పుడు సంఘం ఏడుగురిని ఎన్నుకుంది. ఆ ఏడు పేర్లూ చూడండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే సణిగిన పక్షం వారి చేతికే పంపకం అప్పగించారన్నమాట. మేము ఫోను చేసి మా పాస్టరుగారితో ఈ సంగతే చెప్పాం. ఆయన ఒక్క నిమిషం ఆగి, పల్లెలో కూలికి వెళ్లే అయిదుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి జాబితా వాళ్లనే రాయమన్నారు. వాళ్లలో ఇద్దరికి చదువు రాదు. పాస్టరుగారి అమ్మాయి రాసిపెట్టింది.

ఏం కావాలని అడిగితే వాళ్లు బియ్యం అనలేదు. రేషను బియ్యం ఉన్నాయన్నారు. దుప్పట్లు ఎవరో ఇచ్చి వెళ్లారట, ఒక్కో ఇంట్లో నాలుగేసి. వాళ్లకు కావలసింది డ్వాక్రా వాయిదా కట్టడానికి డబ్బు. కోతల కూలి మీద ఆశ పెట్టుకున్న వాయిదా అది. కట్టకపోతే నూటికి అయిదు వడ్డీకి తేవాలి. లండన్‌లో కూర్చుని మేము వందసార్లు ఆలోచించినా ఈ సంగతి తట్టేది కాదు. 38 ఇళ్లు, ఇంటికి అయిదు వేలు. లక్షా తొంభై వేలు. మిగిలిన రెండు వేల చిల్లరతో ఇద్దరు ముసలివాళ్ల కప్పుల మీదికి టార్పాలిన్ పట్టలు కొన్నారు. బ్యానరు లేదు, ఫొటో లేదు. ఈస్ట్ హామ్‌లో ఒకరిద్దరు ఫొటో లేదా అని అడిగారు. లెక్క పంపించాం.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పం. ఒక ఇంట్లో మగమనిషి ఆ డబ్బు లాక్కుని మూడు రోజులు ఊరిమీద లేడు. ఇంకో ఇంటివాళ్లు తమ పేరు లేదని ఇప్పటికీ అలిగే ఉన్నారు. మేము రాసిన జాబితాల్లో కూడా ఇలాంటివి జరిగే ఉంటాయి. అప్పుడు వెనక్కి వెళ్లి చూడలేదు కనుక తెలియలేదు.

ఆ 38 పేర్లలో కుట్టు మిషను అమ్మిన చెల్లెమ్మ పేరు ఉంది. మేము చెప్పలేదు. ఆ అయిదుగురే రాశారు.

2024 మార్చిలో ఊరికి తిరిగి వచ్చిన వారానికి ఇద్దరం కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. ఆమె మిరపకోతల నుంచి అప్పుడే వచ్చింది. చేతులు మండుతున్నాయేమో, కొబ్బరినూనె రాసుకుంటూ గడప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నులకమంచం వాల్చింది. ఏం మాట్లాడాలో రైల్లో, విమానంలో, బస్సులో ఎన్నోసార్లు అనుకున్నాం. అక్కడికి వెళ్లాక ఒక్క మాటే వచ్చింది. ఆ రోజు సమాజంలో అలా అనడం తప్పు, మమ్మల్ని క్షమించమ్మా అన్నాం. ఆమె తల దించుకుని చాలాసేపు ఊరుకుంది.

"పిల్లకు డెంగీ జ్వరం వచ్చింది మాస్టారూ. గుంటూరు తీసుకుపోవాలంటే చేతిలో ఏమీ లేదు. మిషను మూడు వేల అయిదొందలకు ఇచ్చేశాను" అంది. తర్వాత మా ఇద్దరిలో రెండోవారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది, "నాకు అసలు కుట్టు రాదమ్మా. వచ్చా అని ఎవరూ అడగలేదు. పేరు రాశారు, వచ్చి తీసుకోమన్నారు. మీరు కట్టమన్న అయిదు వందలు కూడా అప్పు తెచ్చి కట్టాను."

ఆ అయిదు వందలూ మా సొంత డబ్బులోంచి అక్కడే ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పుడెందుకులే అంది. టీ పెట్టింది. పిల్ల బడి నుంచి వచ్చి, లండన్ నుంచి తెచ్చిన చాక్లెట్ల డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి తీసుకుపోయింది.

లేచేటప్పుడు ఆదివారం గుడికి రమ్మని పిలిచాం. చూద్దాం అంది. పిల్ల మాత్రం ఆ వారం నుంచి సండే స్కూలుకు వస్తోంది. ఆ ఏడాది క్రిస్మస్ సాయానికి జాబితా రాయడానికి ఈసారి కూర్చునే అయిదుగురిలో ఈమె కూడా ఉంటే బాగుంటుందని మిగతా ఆడవాళ్లు అన్నారు. పాస్టరుగారు కబురు పంపించారు. వచ్చింది. గుడిలోకి రాలేదు గానీ, గుడి వరండాలో చాప మీద కూర్చుని, ఎవరింట్లో ఏం కావాలో ఒక్కొక్క ఇల్లే చెబుతూ పోయింది. మేము రాసుకుంటూ కూర్చున్నాం.